తీసేస్తానన్న సీను

అదిగో, మళ్ళీ అక్కా అంటున్నారు! ఆ పిలుపు మానేయండి డైరెక్టరు గారూ. బంగారమ్మ గారూ అనండి, చాలు. అలా అనడానికి నోరు రాకపోతే ఏమీ అనకండి. కూర్చోండి ముందు. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడే అలవాటు మాకు లేదు.

ఆ శాలువా పొట్లం బల్ల మీద పెట్టేయండి. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు చూడబుద్ధి కావడం లేదు.

ఏంటి, రాజుగారా? మా ఆయన చెరువు మీద ఉన్నారు. మీ కారు గట్టెక్కడం ఆయన చూసే ఉంటారు. రారు లెండి. మీరు ఎదురుచూడక్కర్లేదు.

రాజమండ్రిలో ఫంక్షనంట. డీవీడీ బాగా పోతోందంట. నన్ను స్టేజి మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, అసలు హీరో ఈవిడే అని మైకులో చెబుతారంట. మొన్న మీరు ఫోన్లో ఇదంతా చెబుతుంటే నాకు నోట మాట రాలేదండి. సంతోషంతో రాలేదనుకున్నారు కామోసు మీరు. "ఏడుస్తున్నారా అక్కా?" అన్నారు!

నాకు మేలు చేశాననే అనుకుంటున్నారా దుర్గాసాయి గారూ? నా మొహం చూసి చెప్పండి.

అనుకుంటున్నారు. ఆయ్, నిజంగానే అనుకుంటున్నారు. ఖర్మ!

కాఫీ తాగండి, చల్లారిపోతోంది. పంచదార తక్కువే వేయించాను. మీకు తక్కువ కదా. చూశారా, నేను ఇవేవీ మర్చిపోలేదు. మీరే మర్చిపోయారు.

"గట్టు భైరవ" మొదటి భాగం ఎక్కడో తీసుకున్నారు, ఆడింది. రెండో భాగానికి మా ఊరు కావాలన్నారు. ఏటిగట్టు కావాలి, చేపల చెరువుల మధ్య జీపుల మీద కొట్లాట కావాలి, పాత మేడ కావాలి అన్నారు. మా రాజుగారు ఒక్కదానికీ వెనకాడలేదు. మేడ మీద గదులన్నీ ఖాళీ చేయించి ఇచ్చారు. మీ జీపులు బోల్తా కొట్టి మా చెరువు గట్టు తెగితే, చేపలు పోయినా నవ్వుతూ ఊరుకున్నారు. "మండపేట కుర్రాడు, మన జిల్లాల వాడు, పైకొస్తున్నాడు బంగారూ" అన్నారు.

మీకు జ్వరం రాలేదూ? టైఫాయిడు. మీ యూనిట్టు వాళ్ళు హైదరాబాదు తీసుకెళ్ళిపోతామంటే వద్దన్నదెవరు? నేను. మేడ మీద గదిలో పడుకోబెట్టి, గంజి కాచి, తడిగుడ్డ వేసి... అదేం పెద్ద విషయం కాదు లెండి, ఎవరికైనా చేస్తాం. దాని గురించి కాదు నేను చెప్పేది.

జ్వరం దిగిన సాయంత్రం మీరు మీ అమ్మగారి గురించి చెప్పారు. మీ నాన్నగారు రైసుమిల్లులో తాగి పడిపోయేవారన్న విషయం ఊరికి తెలియకుండా ఆవిడ ఎన్ని వేషాలు వేసేదో చెప్పి ఏడ్చారు. "ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదక్కా" అన్నారు. నా మనసు కరిగిపోయిందండి. నాకూ అలాంటి మూటే ఒకటుంది తమ్ముడూ అన్నాను. ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా విప్పనిది మీ దగ్గర విప్పాను.

మీరేం విన్నారో నాకు తెలీదు. మళ్ళీ చెబుతాను, వినండి. ఎందుకంటే మీరు సగమే విన్నట్టున్నారు.

ఎనభై ఆరు వరద. అప్పటికి ఇక్కడ చెరువుల్లేవు, అంతా వరి. తెల్లారేసరికి ఏటిగట్టుకి గండి పడింది. చూస్తూండగానే నీళ్ళు మా అరుగులెక్కేశాయి. ఊరంతా డాబాల మీదకి చేరింది. మా పాలేరు పాపాయీ, వాడి పెళ్ళాం లోవలక్ష్మీ మాత్రం పొలంలో మకాం దగ్గర ఉండిపోయారు. ఆ పిల్లకి నెలలు నిండాయి. పాక కప్పు మీదెక్కి కేకలు వేస్తున్నారు. వాన గాలికి ఆ కేకలు ఒకసారి వినపడుతున్నాయి, ఒకసారి వినపడటం లేదు.

మా పడవ పెరటి వైపు మేడ మెట్ల దగ్గర కట్టి ఉంది. రాజుగారు పడవ తోసే గెడ తీసుకుని దిగారు. దిగి, ఆఖరి మెట్టు మీద ఆగిపోయారు. కాళ్ళు వణుకుతున్నాయి. పడవలో కాలు పెడతారు, తీసేస్తారు. వాంతి చేసుకున్నారు. చివరికి మెట్టు మీదే కూలబడిపోయారు, తల రెండు చేతుల్లో పెట్టుకుని.

ఎందుకో కూడా చెప్పాను కదండీ మీకు! చిన్నప్పుడు వాళ్ళ అన్నగారు ఏట్లో పోయారు. ఈయన కళ్ళముందే. ఈయన చెయ్యి పట్టుకుని ఉండగానే జారిపోయారు. అప్పట్నించీ ఈయన ఏటికి స్నానానికి కూడా వెళ్ళలేదు. చెప్పానా, లేదా? చెప్పాను. మీరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

నేను లంక పిల్లని. మా పుట్టిల్లు ఏటి నడుమ. పరికిణీలు కట్టుకునే వయసులోనే పడవ తోశాను. కానీ ఈ ఇంటికొచ్చాక వీధి గుమ్మం దాటింది లేదు. మాకు అప్పటికింకా ఘోషా. కోడలు బయటికెళితే కారుకి కూడా పరదా కట్టాల్సిందే. అలాంటిది, చీర ఎగదోపి, ఆయన భుజం మీది తువ్వాలు లాగి తలకీ మొహానికీ చుట్టేసుకుని, గెడ అందుకున్నాను. రాజుల కోడలు పిక్కలు కనబడేలా పడవ తోస్తోందని ఎవరూ అనకూడదని చుట్టుకున్నానండి ఆ తువ్వాలు. అంతే. ఇంకే ఆలోచనా లేదు.

వెళ్ళాను, ఎక్కించుకున్నాను, తెచ్చాను. ఆ నీళ్ళల్లో ఎలా తెచ్చానో ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మకం కుదరదు.

డాబాల మీద ఉన్నవాళ్ళకి వానలో ఏం కనపడింది? మా పడవ, తలగుడ్డ, గెడ. "గోపాలరాజు గారు దేవుడండీ!" అని కేకలు వేశారు. నేను వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి పోయి చీర మార్చుకున్నాను. తువ్వాలు తెచ్చి ఆయన భుజం మీద వేసేశాను.

ఆయన చెప్పేయబోయారండి. అబద్ధం ఆడే మనిషి కాదు. అందరూ దండాలు పెడుతుంటే "నేను కాదు, అది..." అని నోరు తెరిచారు. నేనే తలుపు చాటునుంచి వద్దని సైగ చేశాను. నా పరువు అన్నాను, ఇంటి పరువు అన్నాను. పాపాయి చేతా, లోవలక్ష్మి చేతా ఒట్టు వేయించుకున్నాను. పాపాయి చచ్చిపోతూ ఆ ఒట్టు తనతోనే తీసుకుపోయాడు. లోవలక్ష్మి తన కొడుక్కి గోపాలం అని పేరు పెట్టింది, అందరూ నమ్మాలని.

తర్వాత ఊరు ఆయన్ని ప్రెసిడెంటుని చేసింది. ఆయన ఊరికి నీళ్ళ ట్యాంకు కట్టించారు, గట్టు ఎత్తు చేయించారు, వానాకాలం వస్తే రాత్రీ పగలూ గట్టు మీదే కాపలా తిరిగేవారు. నీళ్ళంటే భయంతో ప్రాణం పోయే మనిషి! ఆ పేరుకి తగ్గట్టు బతకాలని చచ్చేంత కష్టపడ్డారు. అది ఎవరికి కనపడుతుంది? నాకు కనపడింది. ఇరవై ఏళ్ళు కనపడింది.

ఇదంతా చెప్పాను మీకు. మీరు నా కాళ్ళకి దండం పెట్టారు.

తర్వాత వారం గట్టు మీద సీను తీస్తున్నారు. హీరో భైరవ వాళ్ళ నాన్న వరదలో పడవేసుకుని వెళ్ళే సీను. ఊళ్ళో అందరికీ తెలుసు అది రాజుగారి కథేనని. ఆయనే మీకు చెప్పారు కదా, పైకి చెప్పుకునే కథ. నేనూ మేడ కిటికీలోంచి చూస్తున్నాను. పడవ ఒడ్డుకొచ్చింది. తలగుడ్డ విప్పారు. విప్పితే... ఆడది! భైరవ అమ్మ వేషం వేసిన అమ్మాయి.

ఆ సాయంత్రం మేడెక్కి మిమ్మల్ని నిలదీశానా లేదా? మీరేమన్నారు? "ఊరికే తీశానక్కా, ఆర్టిస్టులు బాగా చేస్తారేమోనని. సినిమాలో రాదు. మా అమ్మ మీద ఒట్టు." ఎవరి మీద? మీ అమ్మగారి మీద! పోయిన మనిషి మీద! నమ్మకేం చేస్తాను?

రిలీజు రోజు తణుకులో మొదటి ఆటకి వెళ్ళాం. ఆ సీను మొదలైంది. పడవ వచ్చింది, తలగుడ్డ మనిషి వచ్చాడు, వెంటనే జనం జేజేలు. విప్పడం లేదు! అంతే, అయిపోయింది. రాజుగారు చీకట్లో కళ్ళు తుడుచుకున్నారు. నేను లోపల మీకు ఎన్ని దండాలు పెట్టుకున్నానో తెలుసా? మాట నిలబెట్టుకున్న మనిషి అనుకున్నాను. తోడబుట్టినవాళ్ళు కూడా ఇలా నిలబెట్టుకోరు అనుకున్నాను.

రొయ్యల పచ్చడి పంపేదాన్ని మీకు ప్రతి సంక్రాంతికీ... అది అందుకేనండి. ఊరికే కాదు. ఆ ఒట్టు కోసం.

ఇప్పుడు కొరియర్లో మీ డబ్బా వచ్చింది. నల్లటి అట్ట, దాని మీద భైరవ గొడ్డలి పట్టుకుని. "డైరెక్టర్స్ కట్" అని బంగారు రంగు అక్షరాలు. అంటే ఏంటని రాజుగారు భీమవరంలో మా మేనల్లుడు శ్రీనివాసరాజుకి ఫోను చేశారు. "అంటే మామయ్యా, డైరెక్టరు అసలు ఎలా తీద్దామనుకున్నాడో అలా. హాల్లో చూపించనివి కూడా ఉంటాయి" అన్నాడు వాడు. ఈయన సంబరం చూడాలి! "అయితే మన వరద సీను ఇంకా పెద్దదుంటుంది బంగారూ!"

నాకు ఆ మాటకే అనుమానం వచ్చింది. అయినా మీ ఒట్టు గుర్తు తెచ్చుకుని ధైర్యం చెప్పుకున్నాను చూడండి. ఎంత వెర్రిదాన్నో!

ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం, ఇదే హాల్లో. మీరు కూర్చున్న కుర్చీలోనే ఆయన కూర్చున్నారు. లోవలక్ష్మికి కబురు పెట్టించారు ప్రత్యేకంగా. "దాని కథే కదా, అది చూడొద్దూ" అని. అది తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది.

వచ్చింది సీను. పడవ ఒడ్డుకి తగిలింది. తలగుడ్డ విప్పింది ఆ అమ్మాయి.

అక్కడితో ఆపారా? లేదు! కెమేరా మెట్ల మీదకి తీసుకెళ్ళారు. అక్కడ మొగుడు. తల చేతుల్లో పెట్టుకుని, మూల నక్కి, వణుకుతూ. వెనకాల ఏదో వంకర సంగీతం. జనం నవ్వాలని పెట్టించారు కదా అది? నవ్వారండి. కరణం గారి బుజ్జిబాబు, తెలీక, పకపకా నవ్వేశాడు. "ఎవడ్రా ఈ పిరికి సన్నాసి!" అన్నాడు.

అన్నాక, అది ఎవరి కథో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

అప్పటికీ గడిచిపోయేదేనేమో. సినిమా కోసం మార్చాడులే అనుకునేవారు. కానీ లోవలక్ష్మి ఉంది కదా. అది లేచింది. ఏడుస్తూ లేచి, అందరి ముందూ వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. "మీరే కదమ్మగోరూ! అలాగే తలగుడ్డ చుట్టుకునొచ్చారు కదమ్మగోరూ! ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకున్నాను, ఇంక నావల్ల కాదు" అంటూ. అది ఏడుస్తోంటే ఎవరూ నన్ను చూడలేదండి. అందరూ ఆయన్నే చూశారు.

ఆయన లేచారు. "అందరికీ కాఫీలు తెప్పించు బంగారూ" అన్నారు. చెప్పులు వేసుకుని చెరువు మీదకి వెళ్ళిపోయారు. అంతే.

లోవలక్ష్మిని ఏమంటాను? దాని తప్పేముంది? అది ఇరవై ఏళ్ళు పట్టుకున్న మాట మీరు ఒక్క మధ్యాహ్నంలో దాని నోట్లోంచి లాగేశారు.

ఆగండి. పూర్తి కాలేదు. రెండో డిస్కు ఉంది కదా అందులో. మీరు కుర్చీలో కూర్చుని సినిమా గురించి చెప్పేది. అది నేను ఒక్కదాన్నే పెట్టుకుని చూశాను. "ఇది నిజంగా జరిగింది, మేం షూటింగు చేసిన ఇంట్లోనే" అన్నారు. పేరు చెప్పలేదు, నిజమే. ఇల్లు చెప్పాక పేరెందుకు? ఇంకా ఏమన్నారు? "హీరో నాన్న పిరికివాడంటే అభిమానులు ఒప్పుకోరని ప్రొడ్యూసరు పట్టుబట్టి ఆ సీను కోయించేశారు. నేను ఎంతో పోట్లాడాను. ఇన్నాళ్ళకి నా సీను నాకు దక్కింది."

పోట్లాడారా?

అంటే... హాల్లో అది రాకపోవడం నా కోసం కాదన్నమాట. మీ ఒట్టు కోసం కాదన్నమాట. నాకు మాటిచ్చి కిందకి దిగి, ఆ సీను ఉండాల్సిందేనని వాళ్ళతో పోట్లాడారు! వాళ్ళెవరో డబ్బులు పెట్టినవాళ్ళు కోయబట్టి మా పరువు అన్నాళ్ళు నిలిచింది. నేనేమో ఇక్కడ కూర్చుని రొయ్యలు ఒలిచి, కారం కలిపి, జాడీ కట్టి మీకు పంపేను. తింటూ ఏమనుకునేవారు మీరు? పాపం పిచ్చిది, అనుకునేవారా?

తల వంచుకుంటే ఎలా? చెప్పండి.

నిజం దాచకూడదక్కా, మీ గొప్పతనం లోకానికి తెలియాలి అంటారు. నేను అడిగానా? ఇంకో మాట అడుగుతాను. అసలు సినిమా, పూర్తి సినిమా అన్నారు కదా. మరి ఆయన అన్నగారు ఎక్కడండీ అందులో? చేతిలోంచి జారిపోయిన ఆ పిల్లాడేడీ? ఆ తర్వాత గట్టు మీద కాపలా తిరిగిన రాత్రులేవీ? అవి లేవు. మొగుడు వణకడం ఉంది, దానికి సంగీతం ఉంది. మీకు కావల్సిన నిజం ముక్క ఒకటి కోసుకుని, అదే నిజం అన్నారు.

ఆయన ఏమన్నారో తెలుసుకోవాలని ఉందా? తిడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. చెరువు మీద పాక దగ్గరికి అన్నం క్యారేజి తీసుకుని నేనే వెళ్ళాను. చేపలకి మేత వేయిస్తున్నారు. నా వైపు చూడకుండానే అన్నారు, "అప్పుడే చెప్పేయనివ్వాల్సింది బంగారూ. అప్పుడు నాకు వయసుంది. ఓ ఏడాది నవ్వేవారు, నేను తట్టుకునేవాణ్ణి. ఇప్పుడెలా తట్టుకోమంటావు?"

నేను క్యారేజి విప్పి అన్నం వడ్డించాను. మీరైతే ఏం చెప్పేవారు?

అన్నం తిన్నారు. క్యారేజి కడిగి ఇచ్చారు. కోపం లేదు. అదే నాకు భరించలేకుండా ఉంది. పొద్దున్నే సెంటర్లో టీ తాగడానికి వెళ్ళేవారు, వెళ్ళడం లేదు. ఊరివాళ్ళు మంచివాళ్ళే, ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఎదురైతే మరీ ఎక్కువ మర్యాదగా మాట్లాడుతున్నారంట. రోగిష్టి మనిషితో మాట్లాడినట్టు. నన్ను చూస్తే మాత్రం ఆడవాళ్ళు లేచి నిలబడుతున్నారు. ఇదివరకు ఆయనకి లేచేవారు.

ముందు అనుకున్నాను, మీ ఫంక్షనుకి వస్తాను, మైకు తీసుకుంటాను, అదంతా అబద్ధం, ఈయన కల్పించింది, పడవెక్కింది మా ఆయనే అని చెబుతాను అని. అద్దం ముందు నిలబడి మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయనకి చెబితే అడ్డంగా తలూపారు, వద్దని. "ఇంక చాలు, ఆ అబద్ధం మోసే ఓపిక నాకు లేదు" అన్నారు. కాబట్టి రాను. శాలువా ఇంకెవరికైనా కప్పుకోండి. మీకు చాలామంది దొరుకుతారు.

లేవకండి. ఇంకొక్క మాట. ఇది ఆయనకి కూడా చెప్పలేదు, చెప్పను. మీకు చెబుతున్నాను. మీకు చెబితే ఏమవుతుందో తెలిసి కూడా చెబుతున్నాను. ఇంకెవరున్నారు నాకు చెప్పుకోవడానికి?

ఆ అమ్మాయి తలగుడ్డ విప్పింది కదా. జుట్టు తడిసి భుజాల మీద పడింది. గెడ ఇంకా చేతిలోనే ఉంది. మొహం వెలిగిపోతోంది. అప్పుడు... ఎలా చెప్పను... నాకు ఆనందం వేసిందండి. ఒళ్ళంతా పులకరించింది. నేనే! అది నేనే! అని లేచి అరవాలనిపించింది. నోటిదాకా వచ్చేసింది. ఇన్నేళ్ళుగా నాకది కావాలని నాకే తెలీదు. పక్క కుర్చీలో ఆయన ఉన్న సంగతే మర్చిపోయాను.

ఓ నిమిషం ఉంటుందేమో. తర్వాత బుజ్జిబాబు నవ్వు వినపడి ఇటు తిరిగాను. ఆయన అప్పటికే నన్ను చూస్తున్నారు. తెర వైపు కాదు, నా మొహం వైపు. ఎప్పట్నించి చూస్తున్నారో! ఆ ఆనందం ఆయన చూసేశారండి.

సీను సంగతి ఆయన మర్చిపోతారేమో. నా మొహం మర్చిపోరు.

సరే లెండి, వెళ్ళిరండి. గట్టు దారిన వెళ్ళొద్దు, అటు ఆయన ఉంటారు. ఊళ్ళోంచి వెళ్ళండి.